అడిగితే ఏం చెప్తారు?

"మళ్ళీ వేరే జవాబొచ్చింది" అన్నాడు ధనుంజయ్ నవ్వుతూ. "రన్ చేసిన ప్రతిసారీ కొత్త నంబరు. లాటరీలా ఉందండీ."

ల్యాబ్‌లో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. మనోజ్ఞ నవ్వలేదు.

"ఈ తప్పు సోమవారం చెప్పాను. బుధవారం చెప్పాను. నిన్న మీరసలు రానే లేదు."

"హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళండీ. మా పెద్దమ్మ కూతురు. తప్పలేదు."

"పోయిన వారం?"

ధనుంజయ్ కీబోర్డు మీద దుమ్ము తుడవసాగాడు.

గన్నవరం దాటాక హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీ అది. రోజూ పొద్దున్నే, క్లాసులు మొదలయ్యేలోపు, ఈ బల్ల దగ్గర ఏడెనిమిది మంది చేరతారు. మనోజ్ఞ, సాయిగణేష్ కలిసి పెట్టిన గ్రూపు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎవరైనా రావచ్చు. ఎంత చిన్న సందేహం అడిగినా వెక్కిరించకూడదు. ఈ బల్ల దగ్గర పెద్దా చిన్నా లేదు, అందరూ ఒకరినొకరు 'అండీ' అనే పిలుచుకోవాలి. మొదట్లో దానికి పడీ పడీ నవ్వుకున్నారు. తర్వాత అలవాటైపోయింది.

గ్రూపు పెట్టడానికి కారణం మనోజ్ఞ అక్క రాజ్యశ్రీ. పెడనలో మగ్గం నేసే ఇంటి నుంచి ఇంజనీరింగ్‌కి వచ్చిన మొదటి పిల్ల. ఒకే లెక్కను కంప్యూటర్ చేత ఒకేసారి ముక్కలుగా చేయించే ప్యారలల్ ప్రోగ్రామింగ్‌లో ఇదే కాలేజీలో క్లాస్ ఫస్ట్ వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆమె సొంత ప్రాజెక్టులోంచే ఒక లైను చూపించి, ఇదెందుకు రాశావమ్మా అనడిగారు. రాజ్యశ్రీకి నోరు పెగల్లేదు.

"ఇలా రాయమన్నారు, రాశానే. ఎందుకో ఎవరూ చెప్పలేదే" అని ఇంటికొచ్చి చెల్లెలి ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతోంది.

ఆ ఏడుపు మనోజ్ఞ చెవుల్లోంచి పోలేదు.

అందుకే నెల కిందట ధనుంజయ్ ఈ తలుపు దగ్గర నిలబడి, "నాకూ చెప్తారా అండీ?" అనడిగినప్పుడు ఆమెకు అతని మీద చాలా గౌరవం కలిగింది. అలా అడగడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆమెకు తెలుసు. తన కుర్చీ అతనికిచ్చి తను నిలబడి చెప్పింది.

ఆ గౌరవం ఇప్పుడు అడుగంటింది.

"మళ్ళీ చెప్తాను, వినండి. ఇద్దరు ఒకే పలక మీద లెక్క రాస్తున్నారు. మీరు చూసినప్పుడు పది ఉంది. నేను చూసినప్పుడూ పదే ఉంది. మీరు ఒకటి కలిపి పదకొండు రాశారు. నేనూ ఒకటి కలిపి పదకొండే రాశాను. పన్నెండు కావాల్సింది పదకొండు దగ్గర ఆగిపోయింది. మీ ప్రోగ్రామ్‌లో జరుగుతున్నది ఇదే. ఏం చెయ్యాలి?"

ధనుంజయ్ గడియారం చూసుకున్నాడు. "టైమ్ అయిపోతోందండీ. కరెక్ట్ కోడ్ మీ దగ్గరుందిగా, పంపెయ్యండి. చూసి రాసేస్తాను."

మనోజ్ఞ చెయ్యి బల్ల మీద ఫెడీల్మని పడింది.

"చూసి రాస్తారా? ఎందుకిలా రాశారని అడిగితే ఏం చెప్తారు?"

"ఎవరడుగుతారండీ? అసలు ఎవరికి అర్థమవుతుందని?"

"అడుగుతారు!"

"మీరు మరీనండీ. ఈ సబ్జెక్టు నేనేమన్నా కోరుకున్నానా? నా నెత్తిన పడేశారు."

"మా నెత్తిన మాత్రం పూలు పెట్టారా?" అంది మనోజ్ఞ. "మీకు రాకపోతే మునిగేది మీరొక్కరే అనుకుంటున్నారా?"

సాయిగణేష్ లేచి మధ్యలోకి వచ్చాడు. "వదిలెయ్యండి మనోజ్ఞ గారూ. ఆయన ఇబ్బంది కూడా చూడండి."

"ఎన్నాళ్ళు చూడమంటారు? ఇబ్బందైతే కూర్చుని నేర్చుకోవాలి. పెళ్ళిళ్ళకు తిరిగి, పొద్దున్నే వచ్చి కోడ్ ఇమ్మంటే ఇవ్వను. నేర్చుకునే ఉద్దేశం లేకపోతే రేపటి నుంచి రాకండి."

ధనుంజయ్ ముఖం ఎర్రగా కందిపోయింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నలుగురిలో ఇలాగేనా మాట్లాడేది?"

"అడిగేదీ నలుగురిలోనే."

పైన విమానమొకటి కిటికీ అద్దాలు అదిరేలా దిగిపోయింది. ధనుంజయ్ తలుపు వైపు ఒకడుగు వేసి ఆగాడు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. తను రాసిందంతా చెరిపేసి ఖాళీ స్క్రీన్ మీద మొదటి నుంచీ రాయడం మొదలుపెట్టాడు.

మనోజ్ఞ చేతులు కట్టుకుని వెనకే నిలబడింది. రెండుచోట్ల తడబడ్డాడు. ఆమె సాయం చెయ్యలేదు. చివరికి జవాబు సరిగ్గా వచ్చింది. ఇంకోసారి రన్ చేశాడు. అదే జవాబు.

"ఎందుకొచ్చింది?" అంది.

"ఒకళ్ళు పలక పట్టుకున్నంతసేపు రెండోవాళ్ళు ఆగాలి. అందుకని ఇక్కడ తాళం వేశాను" అన్నాడు మెల్లగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

"పనయ్యాక తాళం తియ్యడం మర్చిపోతే?"

ధనుంజయ్ స్క్రీన్ మీద తాళం తీసే లైను కోసం కిందికి వెతికాడు.

"మిగతావాళ్ళంతా అక్కడే నిలబడిపోతారు. ఎప్పటికీ."

బెల్లు మోగింది. అందరూ బ్యాగులు భుజాన వేసుకున్నారు. ధనుంజయ్ చొక్కా సర్దుకుంటూ, "కోపం తగ్గిందా అండీ?" అనడిగాడు.

"తగ్గలేదు" అని మనోజ్ఞ విసవిసా బయటికి నడిచింది.

కాసేపటికి మూడో సంవత్సరం ప్యారలల్ ప్రోగ్రామింగ్ క్లాసులో, బోర్డు ముందు నిలబడి హాజరు పిలుస్తున్న ధనుంజయ్ మనోజ్ఞ పేరు దగ్గరికి రాగానే, ఆమె లేచి పళ్ళు బిగబట్టి అంది: "ప్రెజెంట్ సార్."