నాలుగో అంతస్తు దండెం

తలుపు తీసేసరికి గుమ్మం ముందు ముగ్గురున్నారు. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ, ఆయన పక్కన ట్రెజరర్, వెనకాల కత్తెర పట్టుకుని వాచ్‌మన్.

కత్తెర చూడగానే టీచరమ్మకి సంగతి అర్థమైపోయింది. బాల్కనీలో వీధిలోకి కనబడేలా ఆవిడ కట్టుకున్న దండెం మీదికి వచ్చింది ఈ దండయాత్ర. బాల్కనీల్లో బట్టలు ఆరేయకూడదని సంఘం రూలు. బిల్డింగ్ అందం చెడిపోతుందట. బట్టలు ఆరాలంటే కరెంటు డ్రయ్యర్ కొనుక్కోవాలట.

"మేడమ్, ఇంతకు ముందే ఒకసారి చెప్పి వెళ్ళాం," అన్నాడు సెక్రటరీ గొంతు సవరించుకుంటూ. "దండెం మీరు విప్పుతారా, మమ్మల్ని విప్పమంటారా?"

"నేను విప్పేది లేదు సెక్రటరీ గారూ."

"రూలు అందరికీ ఒకటే కదండీ."

"ఎండా అందరికీ ఒకటేనండీ. అంత ఎండ పెట్టుకుని, ఎక్కడో బొగ్గు తగలేసి ఇక్కడ తువ్వాళ్ళు ఆరబెట్టుకోమని రూలు రాసిన మహానుభావుడెవరో రమ్మనండి, నేను మాట్లాడతాను."

సెక్రటరీ నేలచూపులు చూశాడు. ఆ రూలు రాసింది ఆయనే.

నిజం చెప్పాలంటే మొన్న మొన్నటిదాకా టీచరమ్మ ఇంట్లోనూ డ్రయ్యర్ ఉండేది. ఓ రోజు క్లాసులో వాతావరణం పాఠం చెబుతూ ఆవిడ కాస్త ఊపులోకి వెళ్ళింది. నడిచే దూరానికి బండి తియ్యకండి, మనిషి లేని గదిలో లైటు ఉంచకండి, ఎండ చేసిపెట్టే పనిని మెషిన్‌కి అప్పగించకండి అంది. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "మరి మీ ఇంట్లో డ్రయ్యర్ ఉంది కదా టీచర్? మేం మీ కింది ఫ్లాట్లోనే ఉంటాం. రోజూ చప్పుడు వినిపిస్తుంది."

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ వారంలోనే డ్రయ్యర్ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

దాని వెనకాలే చాలా మారిపోయాయి. కూరగాయలకి కారు తియ్యడం ఆగిపోయింది. లిఫ్ట్ మానేసి మెట్లెక్కడం మొదలైంది. ఏసీకి సెలవిచ్చి కిటికీలు తెరిచారు. ఇంటాయన నాలుగు రోజులు మూతి ముడుచుకు తిరిగాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు, దోమలన్నాడు. ఎండలో ఆరిన దుప్పటి కప్పుకుని పడుకున్న మర్నాటి నుంచి మాత్రం కిక్కురుమనలేదు.

ఇప్పుడు దండెం తీసేస్తే ఆ ముందు బెంచీ పిల్ల మొహం ఎలా చూడాలి? అదొక్కటే కాదు. ఈవిడని చూసి రెండో అంతస్తు కొత్త కోడలు అత్తగారితో పోట్లాడి మరీ ఓ తాడు కట్టింది. ఎదురు బ్లాకులో నర్సమ్మ కట్టింది. ఇది తెగితే సాయంత్రానికల్లా వాళ్ళే భయపడి విప్పేసుకుంటారు. టీచరమ్మ దిగులంతా అక్కడే ఉంది.

"ఎంత పంతమైనా కనీసం మీవారి పరువైనా చూడాలి కదమ్మా," అన్నాడు ట్రెజరర్.

"మావారి పరువు తడిబట్టలకి ఊడిపోయేంత వదులుగా లేదండీ."

సెక్రటరీకి దగ్గొచ్చింది.

ఇక మాటలతో తేలదని తెలిసిపోయింది. టీచరమ్మ బాల్కనీలోకి వెళ్ళి బట్టలన్నీ తీసింది. తొందరేమీ పడలేదు. ఒక్కొక్కటీ దులిపి, మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. వాచ్‌మన్‌కి కత్తెర ఆడించడానికి చేతులు రాలేదు. చివరికి సెక్రటరీయే అందుకుని తాడుని నాలుగైదు చోట్ల కోశాడు. ముక్కలు నేలమీద పడ్డాయి.

చుట్టుపక్కల బాల్కనీల్లో జనం నిలబడి చూస్తున్నారు. రెండో అంతస్తు కోడలూ ఉంది. టీచరమ్మ రెయిలింగ్ పట్టుకుని, క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతుతో అంది.

"అందరూ చూశారుగా. రేపు పొద్దున్నకల్లా ఇక్కడ మళ్ళీ దండెం ఉంటుంది. ఎవరూ మీ తాళ్ళు విప్పక్కర్లేదు. వీళ్ళు ఎన్నిసార్లు కోస్తే అన్నిసార్లు కడతాను. కత్తెరకి పదును తగ్గుతుందేమో గానీ నాకు తగ్గదు."

"మీరు ఎన్నిసార్లు కడితే మేమూ అన్నిసార్లు వస్తాం మేడమ్," అన్నాడు సెక్రటరీ.

"రండి. ఇల్లు తెలుసుగా."

ట్రెజరర్ విజయగర్వంతో లిఫ్ట్ ఎక్కాడు. సెక్రటరీ ఎందుకో మెట్ల వైపు నడిచాడు.

వాళ్ళు వెళ్ళాక టీచరమ్మ తాడు ముక్కలు ఏరుకుని ముడులు వేసింది. ముడులకే సగం తాడు పోయింది, ఒక కొక్కేనికి తగిలిస్తే రెండోదాని దాకా రాలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా కళ్ళలోకి వచ్చేసింది. అంతమంది ముందు అంత గట్టిగా మాట ఇచ్చింది. తెల్లారేసరికి ఈ బాల్కనీ బోసిగా కనబడితే ఇక ఆ తాళ్ళన్నీ దిగిపోయినట్టే. చీకటి పడుతోంది, కొట్టుకి వెళ్ళి కొత్త తాడు తెచ్చుకోవాలని కళ్ళు తుడుచుకుని లేచింది.

అంతలో వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడైంది.

సెక్రటరీ చంకలో కొత్త నైలాన్ తాడు చుట్టతో లోపలికొచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విడుస్తూ, "కాస్త ఆ స్టూలు పట్టుకోవోయ్, ఇప్పుడు మొగుడిగా కట్టేస్తాను, రేపు సెక్రటరీగా వచ్చి కోస్తాను" అన్నాడు.