పాత బిళ్లలు

“రేపు పిల్ల వాయిస్తుంటే ఆ బిళ్లలు ఊడి వేళ్లకంటుకొస్తే నేనేం గాను?”

ఒక్క బిళ్లయినా అతకకముందే సాయిలక్ష్మి పైకి అనేసింది.

చీరాల కాన్వెంటు హాల్లో పాత పియానో. వేళ్లతో నొక్కే మెట్ల మీది తెల్లబిళ్లలు ఊడుతుంటే, కొత్తవి అతికించడానికి కొత్తపట్నం నుంచి ఆదాం వచ్చాడు. మర్నాడు వార్షికోత్సవంలో వాయించేది సాయిలక్ష్మి కూతురు బిందు. అందుకే మగ్గం వదిలేసి మరీ కాపలాకొచ్చింది.

నిద్రపోతున్న పసిపిల్లకు గోళ్లు తీసినంత నెమ్మదిగా పాత బిళ్లలు తీస్తున్నాడాయన. కిటికీ ఎండలో దూది నలుసులు తేలుతున్నాయి. పాట ఇప్పుడే అయిపోయినట్టుంది హాలంతా.

“గట్టి జిగురేనా? ఉప్పుగాలి ఊరయ్యా మాది!”

“గట్టిదేనమ్మా. పొద్దుటిదాకా తాకకూడదు, అంతే. నూలుంటే ఇవ్వండి.”

సంచిలోంచి నూలు తీసిచ్చింది. దెబ్బ తగిలిన వేలికి కట్టు కట్టినట్టు ఒక్కో మెట్టుకూ చుట్టాడు.

“పొద్దున్నే విప్పేయండి.”

“ఎన్నాళ్లుంటాయి?”

“వాయించే వేళ్లున్నన్నాళ్లు ఉంటే చాలమ్మా.”

“అవేం మాటలయ్యా, బిడ్డతల్లి ముందు!” గుండె మీద చెయ్యేసుకుంది.

ఆదాం పాత బిళ్లల్ని రుమాల్లో మూటగట్టి జేబులో పెట్టుకోబోయాడు.

“అవెక్కడికి?”

“పాతవే కదమ్మా... తీసుకెళ్దామని.”

“బాగుంది! రేపు కొత్తవి ఊడితే మళ్లీ ఇవేగా దిక్కు? ఇటివ్వు.”

మూట చేతిలోనే ఉంచుకున్నాడు.

“సిస్టర్ గారిని పిలవమంటావా?”

ఇచ్చేశాడు.

పోతూపోతూ నల్లమెట్టు ఒకటి మెల్లగా నొక్కాడు. ఆ స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా నిలబడి, వెళ్లిపోయాడు.

మర్నాడు బిందు వాయించింది. సాయిలక్ష్మి పాట వినలేదు. బిళ్లలకేసే చూస్తూ కూర్చుంది. ఒక్కటీ కదల్లేదు.

చప్పట్లయ్యాక, ఒళ్లో పెట్టుకున్న మూట విప్పింది. ప్రతి బిళ్ల మీదా చిన్న గుంట. తన వేలికొస పెట్టి చూసింది. పట్టలేదు. ఇంకా సన్నని వేలెవరిదో.

“సిస్టర్ గారూ, అరిగిపోయిన ఈ బిళ్లలతో ఆదాంకి ఏం పనండీ?”

సిస్టర్ గారు ఆ రుమాలు అందుకున్నారు.

“ఇక్కడే చదువుకుని, ఇక్కడే పాఠాలు చెప్పి, వాయించి వాయించి ఆ గుంటలు చేసిన టీచరమ్మ పోయినేడు చనిపోయింది. ఆదాం కూతురమ్మా ఆ పిల్ల.”