ఆదివారం మూగబోయిన రేడియో

దెబ్బ కాస్త గట్టిగానే పడింది.

అంతదాకా గరగరమంటున్న రేడియో పూర్తిగా నోరు మూసుకుంది.

వామన్‌రావుకు గుండె జారిపోయింది. నాంపల్లిలో ఏ ఇంట్లో రేడియో మొరాయించినా చేసే వైద్యం అదే, పక్కన ఒక్కటి చరవడం! ఇవాళ ఆ వైద్యమే కొంప ముంచింది. సాయంత్రం బాలల కార్యక్రమంలో కూతురు కమల పాడబోతోంది. వినడానికి రమ్మని వాడకట్టునంతా పిలిచిందీ తనే.

రేడియోను దుప్పట్లో మూటగట్టి, రిక్షా ఎక్కి, అబిడ్స్‌లో కిషన్ దుకాణానికి చేరాడు.

కిషన్ వెనక అట్ట విప్పి, బల్బులాంటి ఒక గాజు వాల్వు పీకి చూపించాడు.

"గాజు లోపల తెల్లబడ్డది చూడుండ్రి సార్. దెబ్బకు పగిలి గాలి చొరబడ్డది. ఇది ఖతం."

"కొత్తది ఎయ్యి మరి!"

"నా దగ్గర లేదు. జర కూసోండ్రి, గౌలిగూడల అడిగొస్త."

వాల్వును మళ్ళీ దాని చోట గుచ్చి, కిషన్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

బెంచీ మీద ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా ధోవతి, తలకు రుమాలు, ఒళ్ళో ఒక పాత రేడియో.

"ఏమైంది సార్, గంత పరేషాన్ ఉన్నరు?"

"ఇయ్యాల నా బిడ్డ రేడియోల పాడుతుంది. సెట్టు జూస్తే గిట్లయింది."

"ఔనా!" ఆయన మొహం విప్పారింది. ఇంకేదో చెప్పబోయాడు.

వామన్‌రావుకు వినే ఓపిక ఎక్కడిది? గుమ్మంలోకి వెళ్ళి, కిషన్ వస్తున్నాడేమోనని రోడ్డు వైపు చూశాడు.

వెనక్కి తిరిగేసరికి ఆ మనిషి చెయ్యి తన రేడియోలో ఉంది!

ఆఫీసులో నలుగురూ చెవినిల్లు కట్టుకుని చెప్పిందంతా గుర్తొచ్చింది. రిపేరు దుకాణంలో కన్ను పక్కకు తిప్పితే చాలు, మంచి వాల్వు మాయమై పాతది వచ్చి కూర్చుంటుందట.

ఒక్క అంగలో వెళ్ళి రెక్క పట్టుకుని లాగాడు.

"ఏయ్ దొంగోడా! ఏం గుంజుకున్నవ్?"

"అయ్యో, దొంగతనం గాదు సార్. నా సెట్టుల గూడ గసొంటి వాల్వే. తీసి మీదాంట్ల పెట్టిన. నేను గూడ మీ ఇంటికొచ్చి, గడప అవుతల కూసొని పాట ఇంట..."

"ఇల్లు చూసుకపోయి, రాత్రికి కన్నమేయనీకా?"

జనం మూగారు. పెనుగులాటలో ఆయన రుమాలు కిందపడింది. గుప్పిట్లోని వాల్వును లాక్కుని వామన్‌రావు చూడకుండానే జేబులో వేసుకున్నాడు. మీట తిప్పితే, రేడియో మెల్లగా వెచ్చబడి మాట్లాడింది.

"చూసిన్రా? నా సెట్టు మంచిగనే ఉంది. గా కిషన్, ఈడు కలిసి నాటకమాడుతున్నరు!"

ఆయన రుమాలు తీసి దులుపుకున్నాడు.

"టైమైతుంది, పోండ్రి సార్," అన్నాడు, అంతే.

సాయంత్రానికి వామన్‌రావు ఇల్లు జనంతో నిండిపోయింది. కమల గొంతు వినబడగానే ఆయన కళ్ళు చెమర్చాయి. రెండో చరణంలో ఇంకో పిల్ల గొంతు కలిసి, ఎక్కడా తొణక్కుండా పైకి లేచింది.

"ఎవరిది అన్నా, గా గొంతు? ఎంత కమ్మగుంది!" అంది పక్కింటి సౌభాగ్య.

"ఎవరో బళ్ళె చదివే పిల్లనట," అంటూ కళ్ళు తుడుచుకుందామని చేతిగుడ్డ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. వాల్వు తగిలింది. తీసి చూశాడు.

గాజు లోపలంతా తెల్లగా ఉంది. చచ్చిపోయిన తన వాల్వే అది.

తల కొట్టేసినట్టయింది. ఛీ! సాయం చేసిన మనిషిని పట్టుకుని నడిబజార్లో దొంగను చేశాడు.

పాట అయిందో లేదో, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని అబిడ్స్‌కు పరుగు తీశాడు. దుకాణంలో కిషన్ ఒక్కడే ఉన్నాడు.

"ఆయనేడి కిషన్? తప్పయింది, కాళ్ళు పట్టుకుంట. ఇంటికి తోల్కపోయి నా పక్కన కూసోబెట్టుకుంట."

కిషన్ తల ఎత్తలేదు.

"మొగులయ్యనా? బిడ్డను తోల్కరానీకి రేడియో స్టేషన్‌కు పోయిండు సార్. మీ కమలమ్మతోని జోడుగ పాడింది ఆయన బిడ్డనే గదా!"