స్టూళ్ల కాళ్లు కోసిన దొంగ

స్టూళ్ల కాళ్లను ఎవరో దొంగతనంగా కోస్తున్నారు. ఈ విషయంలో వడ్రంగం మాష్టారికి ఆవగింజంత సందేహం కూడా లేదు. కోస్తున్నది ఎవరన్న విషయంలోనూ లేదు. సాక్షాత్తూ ఆయన బావమరిదే.

బావమరిది అదే హైస్కూల్లో కంప్యూటర్ల మాష్టారు. అతని కంప్యూటర్లకు చోటు చాలడం లేదు. వడ్రంగం గది మీద అతని కన్ను పడి ఏడాదయింది. ఈ తగువు తీర్చడానికి హెడ్‌మిస్ట్రెస్ ఒక నియమం పెట్టారు.

"తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన స్టూళ్లలో, నెలాఖరుకి ఒక్కటంటే ఒక్కటి ఊగకుండా నిలబడితే గది వడ్రంగానికే. లేదా, కంప్యూటర్లకి."

ఒక్కటేమిటి, పదీ నిలబెడతానని మాష్టారు మీసం మెలేశారు.

ముప్పై ఏళ్లుగా ఆయన తొలిపాఠం ఒక్కటే. "చూడండర్రా, చెక్క మహా మాయావి. ఏ పలకనైనా నమ్మేముందు ఈ మూల నుంచి ఆ ఎదుటి మూలకి ఒక దారం, తక్కిన రెండు మూలలకీ ఇంకో దారం బిగించి కట్టండి. నడిమధ్యన దారాలు రెండూ తాకితే పలక చదునుగా ఉన్నట్టు. సందు కనిపించిందా, మెలితిరిగినట్టే."

పిల్లలు ఆ ప్రకారమే పలకలు పరీక్షించుకుని స్టూళ్లు చేశారు. పూర్తయిన ప్రతి స్టూలునూ మాష్టారు తన బల్ల మీదికి ఎక్కించి చూసేవారు. ఆ బల్ల ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది స్వహస్తాలతో చేసుకున్నది. రోజూ దేవుడి పటాన్ని తుడిచినంత భక్తిగా దాన్ని నూనెగుడ్డతో తుడిస్తేగాని పాఠం మొదలుపెట్టేవారు కారు.

మొట్టమొదట, ముందు బెంచీ పిల్ల తెచ్చిన స్టూలు ఆ బల్ల మీద టకటకలాడింది.

"ఇది స్టూలా, ఉయ్యాలా?" అంటూ మాష్టారు దాన్ని వాకిట్లోకి విసిరేశారు. ఆయా దాన్ని ఎటో ఎత్తుకుపోయింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కొత్తది మొదలుపెట్టింది.

తక్కినవీ టకటకలాడినవే. అన్నీ విసిరేస్తే చెక్క చాలదు గనుక, పొడుగున్న కాలినల్లా గోరంత కోయించారు. సాయంత్రానికి స్టూళ్లన్నీ బల్ల మీద బండరాళ్లలా నిలబడ్డాయి. మాష్టారు గదికి తాళం వేసి హాయిగా ఇంటికి వెళ్లారు.

మర్నాడు ఉదయం మళ్లీ టకటక!

మళ్లీ కోయించారు. ఆ మర్నాడూ అదే వరస. మూడు వారాలు తిరిగేసరికి, త్రివిక్రముల్లా మొదలైన స్టూళ్లు వామనావతారం ఎత్తాయి. అక్కడితో ఆగాడా ఆ దొంగ? మాష్టారు బల్ల మీద పెట్టుకున్న పెన్సిలును కూడా రోజూ కింద పారేస్తున్నాడు!

మాష్టారు ఒక పన్నాగం పన్నారు. ఆ సాయంత్రం నలభై కాళ్ల అడుగునా సన్నని గుర్తులు పెట్టారు. ఉదయం చూస్తే ఒక్క గుర్తూ చెరగలేదు. స్టూళ్లు మాత్రం ఊగుతున్నాయి.

"ఎంత తెలివి!" అన్నారు ఇంటికొచ్చి భార్యతో. "మీ తమ్ముడు కాలిని మధ్యలో కోసి, అడుగున గుర్తు చెరక్కుండా మళ్లీ అతికిస్తున్నాడు."

"వాడా? వాడికి గోడకి మేకు దిగ్గొట్టడమే చేతకాదు కదండీ!"

"అదే నటనంటే."

నెలాఖరు రోజున, మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే మాష్టారు వెళ్లినట్టే వెళ్లి, వెనక్కి వచ్చి తలుపు చాటున నక్కారు. అయిదు నిమిషాలకి బావమరిది పిల్లిలా లోపలికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, జేబులోంచి దారపుండ తీసి మాష్టారి బల్లకే కట్టసాగాడు.

"దొరికావురా!" అని మాష్టారు అతని కాలరు అందుకున్నారు. ఆ కేకకి హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ వెనక పిల్లలూ పరిగెత్తుకొచ్చారు.

"చూశారా మేడమ్! గది చేతికి రాకముందే కంప్యూటర్ తీగలకి కొలతలు తీస్తున్నాడు!"

"తీగలూ కాదు, తాళ్లూ కాదు బావగారూ. ఇది మీ మొదటి పాఠం. ఈ ముందు బెంచీ పిల్ల నోటుపుస్తకంలో చూసి కట్టాను," అన్నాడు బావమరిది, కాలరు విడిపించుకుంటూ. "మీరు నన్ను దొంగని చేసిన దగ్గర్నుంచీ అక్క ఇంటి గుమ్మం ఎక్కలేకపోతున్నాను. గది పోతే పోయింది, ముందు ఆ దారాలు చూడండి."

మాష్టారు వాటిని తెంపిపారేద్దామని కోపంగా చూపుడువేలు దూర్చారు. ఆ వేలు పై దారానికీ తగలలేదు, కింది దారానికీ తగలలేదు. రెంటి నడుమ నుంచి సాఫీగా అవతలికి వెళ్లిపోయింది.

బావమరిది మాష్టారి చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. అది మెల్లగా దొర్లి, టప్పున కింద పడింది.

"మెలితిరిగిన బల్ల మీద ఇటు తిప్పి సరిచేసిన స్టూలు, మర్నాడు అటు తిప్పి పెడితే ఊగదూ మరి?" అన్నాడు బావమరిది నెమ్మదిగా.

మాష్టారు ఆ పది మరుగుజ్జులకేసి చూశారు. వంకర బల్లకు సరిపడా కోసినవి. చదునైన నేల మీదా ఊగేవే. గడువు ఆ పూటతో సరి. ఆయన గది తాళంచెవి తీసి బావమరిది వైపు చాచారు.

"ఆగండి మాష్టారూ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్. "ఒక్కటి ఊగకుండా నిలబడితే చాలన్నాను కదా? మొదటి రోజున మీరు వాకిట్లోకి విసిరేసిన స్టూలు, నెల్లాళ్లుగా నా గదిలో నిండు నీళ్లకుండ మోస్తోంది. ఇంతవరకూ చుక్క తొణకలేదు!"