గాస్కెట్ల మనిషి

మధ్యాహ్నం భోజనాలకు ఇంకా పావుగంట ఉందనగా అతను షెడ్డులోకి వచ్చాడు.

భుజాన సంచి. సంచి నిండా గాస్కెట్లు, ఆవిరీ గాలీ కారకుండా మూతల అంచున వేసే రబ్బరు చుట్లు. చొక్కా మాసిపోయి ఉంది.

"అయ్యా, గాస్కెట్లు కావాలా? బాయిలరువి, గాలి ట్యాంకువి, అన్నీ ఉన్నాయి."

"ఏం వద్దు, పో," అన్నాడు మేస్త్రీ తల ఎత్తకుండానే.

మేస్త్రీకి ఆ రోజు తల ఎత్తే తీరిక లేదు. పెద్ద కుక్కరులో రబ్బరు రోలర్లు ఉడుకుతున్నాయి.

పెద్ద కుక్కరంటే వంటింట్లోది కాదు. మనిషి తల వంచకుండా నడిచిపోయేంత ఇనుప పీపా. కాయితాల్లో దాని పేరు ఆటోక్లేవ్. రబ్బరు చుట్టిన రోలర్లను లోపలికి తోసి, తలుపు బిగించి, బాయిలరు నుంచి ఆవిరి పట్టిస్తే నాలుగు గంటల్లో రబ్బరు గట్టిపడుతుంది. మధ్యలో ఆపితే సరుకంతా చెత్తకుప్పకే.

దాని నెత్తిన ఒక సేఫ్టీ వాల్వు ఉంది. లోపల ఆవిరి ఎక్కువైతే తనంతట తానే తెరుచుకుని బుస్సుమని వదిలేస్తుంది. నెల రోజులుగా అది మాటిమాటికీ తెరుచుకుని పని చెడగొడుతోంది. మేస్త్రీ ఊరుకుంటాడా? బైండింగ్ వైరు తెచ్చి దాని నోరు కట్టేశాడు. పీడా వదిలిందని మీసం కూడా దువ్వుకున్నాడు.

గాస్కెట్ల మనిషి పోలేదు.

బాయిలరును చూశాడు. గాలి ట్యాంకును చూశాడు. కుక్కరు దగ్గర ఆగిపోయాడు.

వాల్వుకు వైరు. మీటరు ముల్లు ఎర్రగీత దాటిపోయింది. తలుపు అంచున సన్నగా ఆవిరి చిమ్ముతోంది. తలుపును పట్టి ఉంచే కొక్కేల్లో ఒకటి అడ్డంగా పగిలి ఉంది.

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అయ్యా, ఈ తలుపు ఆగదు. దేన్నీ ముట్టుకోకండి. అందర్నీ బయటికి నడిపించండి. ఇప్పుడే."

"గాస్కెట్టు అంటగట్టడానికి కొత్త నాటకమా?"

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రీ బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు.

"బావా, ఈయన్ని ఇంజనీరుగా పెట్టేసుకో! నీకు పని తప్పుతుంది!"

అతను ఒక్క క్షణం ఆ నవ్వే ముఖాలను చూశాడు. సంచి కింద పెట్టాడు.

మేస్త్రీ చెంప ఛెళ్ళుమంది.

"మీ అమ్మ నిన్ను కన్నదా, కక్కిందా?" అన్నాడు.

వరసగా పెట్టిన భోజనం డబ్బాలను ఒక్క తన్ను తన్నాడు. తిండి నేలపాలైంది. అందరి తల్లుల్నీ, పెళ్ళాల్నీ కలిపి ఒక బూతు తిట్టాడు.

"మగాళ్ళయితే రండిరా రోడ్డు మీదికి!"

మేస్త్రీ ముందు, మిగతావాళ్ళు వెనక. దొరికిన ఇనుప ముక్క దొరికినట్టు అందుకుని వెంటపడ్డారు.

బావమరిది మాత్రం కదల్లేదు. కుక్కరు కాపలా అతనిది.

గుమ్మం దాటబోతున్న గాస్కెట్ల మనిషి అది చూశాడు. వెనక్కి తిరిగి, నేల మీది నట్టు తీసి విసిరాడు. బావమరిది కనుబొమ్మ చీలింది. నెత్తురు కంట్లోకి కారింది.

"చంపేస్తాన్రా నిన్ను!" అంటూ అతనూ పైపు పట్టుకుని ఉరికాడు.

గాస్కెట్ల మనిషి గేటు దాటాడు. రోడ్డు దాటాడు. అవతల ఖాళీ స్థలం, దాని చివర లావుపాటి రాతిగోడ. గోడ చుట్టి వెనక్కి వెళ్ళి, ఇంకా పరిగెత్తగలిగి ఉండీ అక్కడే నిలబడిపోయాడు.

గొడ్డును బాదినట్టు బాదారు. పక్కటెముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పళ్ళు ఊడి మట్టిలో పడ్డాయి. బావమరిది పైపుతో మోకాలు పగలగొట్టాడు. అయినా అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. వేళ్ళు మడుస్తూ మనుషుల్ని లెక్కపెడుతున్నాడు.

"పదకొండు," అన్నాడు నెత్తురు ఉమ్మి. "లోపల ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఉంటే వాళ్ళూ వచ్చి నీకు నాలుగు తగిలించేవాళ్ళు!" అన్నాడు మేస్త్రీ.

ఆ మాటకు అతను నిదానంగా కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రీ స్పానరు రెండు చేతులా ఎత్తి నెత్తి మీద వేశాడు.

రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా నేల అదిరింది.

కుక్కరు తలుపు షెడ్డు గోడను చీల్చుకుని వచ్చి, రోడ్డు పక్క ఖాళీ లారీని నుజ్జునుజ్జు చేసింది. కప్పు రేకులు కాగితాల్లా లేచి రాతిగోడకు అవతలి వైపున వచ్చి గుద్దుకున్నాయి. ఆవిరి చెదిరాక చూస్తే షెడ్డు లేదు. బాయిలరు పక్కకు ఒరిగి ఉంది. బావమరిది నిలబడ్డ చోట గుంత.

పదకొండు మందికీ చెవులు దిబ్బళ్ళు వేశాయి. చీలిన కనుబొమ్మ తప్ప ఎవరి ఒంటి మీదా గీత పడలేదు.

మేస్త్రీ చేతిలోంచి స్పానరు జారిపోయింది.

"అయ్యా... లేవయ్యా... ఒక్కసారి లేవయ్యా!"

అతను లేవలేదు.

సాయంత్రం ఆసుపత్రికి అతని వదిన వచ్చింది. ముసుగు తీసి చూసి, మళ్ళీ కప్పింది. మేస్త్రీ వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. పక్కనున్న పోలీసు ఆపలేదు.

"నేనే చంపానమ్మా. మా ప్రాణాలు నిలబెట్టినవాణ్ణి నా చేతులతో నేనే చంపాను. కానీ ఆ తిట్లెందుకమ్మా? ఇంకో నాలుగు మాటలు నచ్చజెప్పి ఉంటే..."

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఒకసారి నచ్చజెప్పి చూశాడు నాయనా, పదేళ్ళ కిందట, తను మేస్త్రీగా ఉన్న షెడ్డులో. చేతులు జోడించాడు, ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని బతిమాలాడు. అందరూ నవ్వారు, మా ఆయన కూడా నవ్వాడు," అంది. "ఆ పద్నాలుగు మందిలో బయటికి నడిచింది మా మరిది ఒక్కడే."