బిగుతు గౌను

“ఊపిరి బిగబట్టు,” అంటూ భర్త ఆమె వీపు వెనక జిప్పు లాగాడు. అది నడుము దాకా వచ్చి మొండికేసింది.

“ఇది నాలుగో గౌను,” అంది భార్య దిగులుగా. “కుట్టు క్లాసులో టీచరమ్మ రాసిచ్చిన నా కొలతల ప్రకారమే ఇంట్లో కత్తిరించాను. ఒక్కటీ పట్టడం లేదు. మన టేపుతో చూసుకుంటే రెండంగుళాలు లావయ్యాను.”

“నాకలా అనిపించలేదే.”

“మొహమాటానికి అంటున్నారు. రేపటి నుంచి మన నడక రెండు గంటలు.”

భర్త కంగారుగా ప్యాంటు పైకి లాక్కున్నాడు. నెల రోజులుగా ఆమెతో గంటసేపు నడిచినందుకే అతని ప్యాంట్లు జారిపోతున్నాయి.

“నేను సన్నబడ్డాను, నన్నొదిలెయ్. కావాలంటే కొలిచి చూడు.”

ఆమె అతని నడుముకి టేపు చుట్టింది. “మీరూ అంగుళం పెరిగారు.”

“మరి ప్యాంటు ఎందుకు జారుతోంది?”

ఇద్దరూ టేపు మొదలు వెతికారు. దాని మీద మొట్టమొదటి అంకె మూడు.

ఆమె చూపు మెల్లగా బల్ల మీది స్కూటర్ తాళం దగ్గరికి వెళ్లింది. దానికి గుర్తుగా కట్టిన పసుపురంగు టేపు ముక్క మీద ఒకటీ రెండూ అంకెలు కనిపిస్తున్నాయి.

“తాళాలన్నీ ఒకేలా ఉన్నాయని...” నసిగాడు భర్త.

“అంటే నేను లావవలేదు.”

“కానే కాలేదు. నడక మానేద్దాం.”

“నేను మానేస్తాను.” ఆమె బీరువాలోంచి మిగతా మూడు గౌన్లు తీసి అతని చేతిలో పెట్టింది. “ఇది కూడా విప్పి ఇస్తాను. నాలుగూ మీకు పట్టేదాకా మీరు నడవండి.”