పేరు రాయని కాగితం

"మీరు రమ్మనకపోయినా వస్తా ఆంటీ," అంటూ మార్త చెప్పులు విప్పి హాల్లోకి నడిచింది.

సమ్మె వల్ల బస్సులు లేవు. మెట్టుగూడ నుంచి మల్కాజ్‌గిరి దాకా ఎండలో నడిచే వచ్చింది. మెడ దగ్గర జాకెట్టు తడిసిపోయింది.

జ్ఞానమణి అప్పుడే చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంది. రిటైరైన టీచరమ్మ. భర్త లూకా పోయి నాలుగేళ్ళు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె, కొడుకు జకర్యా, ఇద్దరే.

"జకర్యా లేడమ్మా. డ్యూటీకి వెళ్ళాడు."

"తెలుసు. నాకు మీతోనే పని."

పది రోజుల క్రితం ఇదే హాల్లో రెండు కుటుంబాలు కూర్చుని, ఉంగరాలు మార్చుకునే ప్రధానానికి తేదీ అనుకున్నాయి. టీ తాగాక మార్త తండ్రి ప్రభుదాస్ గొంతు సవరించుకుని ఒక మాట చెప్పాడు. "దాచిపెట్టి పెళ్ళి చేయడం నాకిష్టం లేదమ్మా. నాకు పిల్లలు పుట్టరని తేల్చారు. అప్పట్లో రెజిమెంటల్ బజార్‌లో ఒక డాక్టరమ్మ ఉండేది. దాత సాయంతో మాకు మార్త పుట్టింది. అబ్బాయికి ముందే చెప్పాం. మీకూ తెలియాలి."

జ్ఞానమణి ఆ రోజు అందరినీ గేటు దాకా సాగనంపింది. మర్నాడు పాస్టరు గారితో కబురు పంపింది. ఈ సంబంధం వద్దు. ఎందుకో చెప్పలేదు.

"ఎందుకు వద్దన్నరు?" మార్త నిలబడే అడిగింది.

"కారణం అడక్కమ్మా."

"అడుగుతా. ఇన్ని రోజులు ఊరుకున్న. మా నాన్న సరిగ్గా అన్నం తింటలేడు. నిజం చెప్పి బిడ్డ బతుకు పాడుచేసిన అని ఒకటే పరేషాన్. ఆయన తప్పు లేదని మీ నోటితో అనాలె."

"మీ నాన్న చాలా మంచివాడు. ఆయన తప్పేమీ లేదు."

"మరి నా తప్పా?"

"నీదీ కాదు."

"అంటే ఎవరికి పుట్టిందో తెల్వని పిల్ల అని. అంతే కదా?"

జ్ఞానమణి కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

మార్తకు అది చెంపదెబ్బలా తగిలింది. బ్యాగ్ తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి మడతలు పడిన కాగితం తీసింది.

"నేను ల్యాబ్‌లో రోజూ ముప్పై మంది రక్తం తీస్త ఆంటీ. షుగర్ కనబడుతది, కామెర్లు కనబడుతయి. వంశగౌరవం ఇప్పటిదాకా ఒక్క సీసాలో కనబడలే. ఇదిగో, ఆ దాత గురించి డాక్టరమ్మ తన చేత్తో రాసి మా అమ్మకిచ్చింది. పేరొక్కటే లేదు. మిగతాదంతా ఉంది. మీరు చూసే ఏ సంబంధంలోనైనా పిల్ల తండ్రి గురించి ఇంత చెప్తరా?"

"చదవొద్దు మార్తా."

"చదువుతా. మీరు వినాలె."

కాగితం రెండు చేతులా పట్టుకుని, చర్చిలో వాక్యం చదివినట్టు గట్టిగా చదివింది.

"వయసు ఇరవై మూడు. వైద్య విద్యార్థి. తండ్రి బడిపంతులు. ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, చామనఛాయ. ఇరువైపులా మూడు తరాలలో మధుమేహం లేదు, మూర్ఛ లేదు, మతిభ్రమణం లేదు. తాత తొంభై ఏళ్ళు జీవించాడు."

తలెత్తి చూసింది. జ్ఞానమణి కళ్ళు మూసుకుని ఉంది. వినడానికి కూడా అసహ్యమా అనుకుంది మార్త. గొంతు ఇంకా పెంచింది.

"స్వభావం సుత రాసింది, వినండి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. అన్యాయమనిపిస్తే పెద్దవారికైనా ఎదురు చెప్పును. చూసిన్రా? నేనిట్ల మీ ముందు నిలబడి అడుగుతున్ననంటే అది ఆయనిచ్చిందే. నన్ను ఎత్తుకుని పెంచిన నాన్న ప్రభుదాస్. ఇద్దరిలో ఎవరి గురించీ నేను తల దించుకోను."

"నిన్ను తల దించుకోమని నేననలేదు."

"అనకపోయినా చేసింది అదే కదా! ఒక్క మాట చెప్పి పోతా. సమ్మె ఆగిన రోజే రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి నోటీసు ఇస్తం. జకర్యా, నేను ఇద్దరం అనుకున్నం. మీరొస్తే సంతోషం. రాకున్నా పెళ్ళి ఆగదు."

జ్ఞానమణి కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది.

"వాడికి ఎప్పటికీ చెప్పనని మా ఆయన పోయేముందు మాట తీసుకున్నారు," అంది. "ఆ మాట నిలబెట్టుకుందామనే నీకు చెడ్డదాన్నయ్యాను."

"ఏం చెప్పనని?"

"ఆ కాగితంలో ఇంకా రెండు వాక్యాలున్నాయి కదమ్మా." ఆమె ఇంకా కళ్ళు తెరవలేదు. "తల్లికి చలికాలంలో ఆయాసం. అతడు నవ్వబోయే ముందు తల వంచుకొనును. ఆ కింద ఎర్ర సిరాతో ఏడు అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది."

మార్త కాగితం వైపు చూసింది. అక్షరం పొల్లుపోలేదు. ఎర్ర సిరా వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది గానీ, ఏడు ఏడులాగే ఉంది.

"ఇది మా బీరువాలోంచి ఇయ్యాలే బయటికొచ్చింది," అంది మెల్లగా. "మీకెట్ల తెలుసు ఆంటీ?"

జ్ఞానమణి లేచి వచ్చి, మార్త రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆ డాక్టరమ్మ నాకూ ఇదే కాగితమిచ్చింది. జకర్యాకూ తండ్రి ఆయనేనమ్మా."